ఏసీ గదిలో ఎడారి బిడ్డ

నల్లగండ్లలో పదకొండో అంతస్తు. రెండు పడకగదుల ఫ్లాటు. అమ్మకీ నాన్నకీ నానక్‌రామ్‌గూడలో ఉద్యోగాలు. ఆరో తరగతి చదివే బాబు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తుంటే... 'మొరగదు, కరవదు, వాకింగుకు తీసుకెళ్లక్కర్లేదు' అని నాన్న ఓ తాబేలు పిల్లని పట్టుకొచ్చాడనుకుందాం. అరచేతిలో సగం కూడా లేదది. డిప్ప నున్నగా, ఏటి గులకరాయిలా ఉంది.

ఎనిమిది నెలలు గడిచాయి. పిల్ల పెరిగింది. చక్కగా తింటోంది, తిరుగుతోంది. కానీ డిప్ప మీది ఒక్కో పలకా మధ్యలో బుడిపెలా లేచింది. పక్కనుంచి చూస్తే చిన్న చిన్న చీమలపుట్టలు వరసగా మొలిచినట్టు! బలంగా ఎదుగుతోందని నాన్న మురిసిపోయాడు. అమ్మిన షాపువాడిని అడిగితే 'ఈ జాతికి అంతే సార్' అన్నాడు. చూడ్డానికి కదిరి నుంచి వచ్చిన అమ్మమ్మ మాత్రం రెండే రెండు ముక్కలంది. ఒకటి, 'మా చేలల్లో తిరిగేదానికి చుక్కలుంటాయి కదరా, దీనికి లేవేంది?' రెండు, 'ఎందుకురా ఇట్ల ఎండిపోయినట్టుంది?'

ఈ ఇల్లు ఊహే. కానీ గచ్చిబౌలి నుంచి కొండాపూర్ దాకా బహుళ అంతస్తుల్లో తాబేలును పెంచుకునే ఏ ఇంట్లోనైనా జరగడానికి వీలున్న కథే. అందులో అమ్మమ్మ అడిగిన రెండు ప్రశ్నలూ సరైనవే. మొదటిది చట్టానికి సంబంధించింది. రెండోది డిప్పకి.

చుక్కలుంటే చిక్కే

మన భాషలో చెరువులో ఈదేదీ తాబేలే, చేలో నడిచేదీ తాబేలే. పెంపకంలో మాత్రం రెండింటికీ పొంతనే లేదు. అక్వేరియం షాపుల్లో చెవి దగ్గర ఎర్రచారతో కనిపించే పచ్చటి బుల్లి తాబేలు నీటి జీవి, అమెరికా నుంచి వచ్చింది. దాని సంగతి ఇక్కడ కాదు. ఒక్క మాట మాత్రం... పెద్దదైపోయింది కదాని దాన్ని దుర్గం చెరువులో వదిలేయకండి. స్థానిక జీవుల తిండి, చోటు లాక్కునే ప్రపంచంలోని వంద చెడ్డ జాతుల జాబితాలో అదీ ఒకటి.

మెట్ట తాబేలు విషయానికొస్తే అమ్మమ్మ చెప్పిన చుక్కల తాబేలు మనదే. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుంటాయి కాబట్టి నక్షత్ర తాబేలు. రాయలసీమ ముళ్లపొదల్లో పుట్టి పెరిగే జీవి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయ ప్రాంగణంలో వీటిని చూసే ఉంటారు. 'ఇంట్లో ఉంటే కలిసొస్తుంది' అన్న నమ్మకమే దాని పాలిట శాపమైంది. దేశంలోని ఒకే ఒక్క సేకరణ కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లను అడవుల్లోంచి ఎత్తుకుపోతున్నారని 2015లో వెలువడిన ఓ అధ్యయనం లెక్కగట్టింది. అందులో ఎక్కువ పిల్లలే. 2018 నవంబరులో సింగపూర్‌లో పట్టుబడిన 51 నక్షత్ర తాబేళ్లు విమానమెక్కి బెంగళూరుకి తిరిగొచ్చాయి. అంత అదృష్టం అన్నిటికీ ఉండదు. 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటిస్ దీన్ని అత్యంత కఠినమైన మొదటి జాబితాలోకి మార్చింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో, పులికున్న రక్షణే ఈ బుల్లిప్రాణికీ దక్కింది. అంటే షెడ్యూల్ 1. దీన్ని ఇంట్లో పెట్టుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, పాతిక వేలకు తగ్గకుండా జరిమానా. కొన్నా, బహుమతిగా వచ్చినా, రోడ్డు మీద దొరికిందని తెచ్చుకున్నా అంతే. ఇంట్లో ఉంటే చేయాల్సింది ఒకటే, అటవీశాఖకు అప్పగించడం. అడవిలోనో పార్కులోనో వదిలేయడం మంచితనం కాదు. ఇంటి తిండితో, ఇంటి జబ్బులతో పెరిగింది అక్కడ బతక్కపోవచ్చు. బతికితే ఆ జబ్బుల్ని పక్కవాటికీ అంటించొచ్చు.

మరి మన కథలో చుక్కల్లేని తాబేలు? అది సల్కాటా. గోధుమరంగు డిప్ప, ముందుకాళ్ల మీద ముళ్లలాంటి గట్టి పొలుసులు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున పుట్టిన జాతి. ఇదీ సైటిస్ జాబితాలో ఉన్నదే. కాబట్టి 2024 ఫిబ్రవరి 28న కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి 'పరివేష్' పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. అప్పటికే ఇంట్లో ఉన్నవాటికి ఆర్నెల్లు గడువిచ్చారు. ఆ తర్వాత తెచ్చుకున్నవాటికి ముప్ఫై రోజులే. కొనేముందు అమ్మేవాడి దగ్గర ఆ కాగితం ఉందో లేదో అడగాలి. తల గోక్కున్నాడంటే బయటికొచ్చేయడమే.

పెరుగుదలంతా అంచుల్లోనే

తాబేలు డిప్ప చొక్కాలాంటిది కాదు. వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి ఏర్పడిన ఎముక గూడు. దాని మీద మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే తయారైన పలకలు అతికి ఉంటాయి. పిల్ల పెరుగుతుంటే పాత పలక రాలిపోదు. దాని చుట్టూ అంచున కొత్త పొర వస్తుంది. చెట్టు మానులో వలయాల్లా ఒకదాని చుట్టూ ఒకటి. పలక మధ్యలో కనిపించే చిన్న గరుకు ముక్క, గుడ్డులోంచి వచ్చినప్పుడు దానికున్న పలకే!

కిటుకంతా ఆ అంచుల్లోనే ఉంది. కొత్త పొర తేమగా, సాగేట్టు ఉంటే పక్కకి విస్తరిస్తుంది, డిప్ప నున్నగా వస్తుంది. చుట్టూ గాలి పొడిగా ఉండి అది త్వరగా బిగుసుకుపోతే పెరుగుదల పక్కకి పోలేక పైకి తోసుకొస్తుందన్నది నిపుణుల వివరణ. అలా పొర మీద పొర లేచి బుడిపెలవుతాయి. దీన్నే పిరమిడింగ్ అంటారు. 

చాలాకాలం ఈ నేరం తిండి మీద వేశారు. మాంసకృత్తులు ఎక్కువైతే డిప్ప ఉబ్బుతుందని పుస్తకాల్లోనూ రాశారు. ఆస్ట్రియాకు చెందిన వీస్నర్, ఈబెన్ అనే పరిశోధకులు దాన్ని తేల్చాలనుకున్నారు. గుడ్లలోంచి వచ్చిన 50 సల్కాటా పిల్లల్ని గుంపులుగా విడదీసి, ఐదు నెలలపాటు రకరకాల తేమలో, రకరకాల మాంసకృత్తుల మోతాదులతో పెంచారు. 2003లో అచ్చయిన ఫలితం పెంపకందార్ల ఆలోచననే తిప్పేసింది. గాలిలో తేమ సుమారు 24 నుంచి 58 శాతం మధ్య ఉన్నచోట బుడిపెలు ఎత్తుగా లేచాయి. 45 నుంచి 99 శాతం ఉన్నచోట అదే తిండి తిన్న పిల్లల డిప్పలు అంతకంటే నున్నగా వచ్చాయి. మాంసకృత్తుల ప్రభావం ఉంది కానీ, స్వల్పం.

ఎడారి జీవికి తేమ ఏమిటి అని ఎవరికైనా సందేహం వస్తుంది. షాపువాళ్లు పొడి ఇసుక, పైన ఓ బల్బు పెట్టి ఇచ్చేదీ అందుకే. కానీ సల్కాటా పగలంతా ఎడారి ఇసుక మీద పడుకుని ఉండదు. నేలలో మీటర్ల లోతున బొరియలు తవ్వుకుని అందులో ఉంటుంది. పైన గాలి పొడిబారి వీస్తున్నా లోపలి మట్టిలో చెమ్మ ఉంటుంది. మన నక్షత్ర తాబేలైనా అంతే. దాని పిల్లలు వానలు పడ్డాకే గుడ్లలోంచి బయటికొస్తాయి. తడి గడ్డిలో తిని, పెరిగి, ఎండాకాలమంతా పొదల అడుగున నక్కి కాలం వెళ్లదీస్తాయి. అంటే పెరిగేది తేమలో, ఆగేది పొడిలో. మనమేమో పొడిలో ఉంచి, ఏడాది పొడుగునా తిండిపెట్టి పెంచుతున్నాం.

అన్నట్టు... నక్షత్ర తాబేలు పెద్దదయ్యాక పలకలు సహజంగానే కొంచెం ఎత్తుగా ఉంటాయి. 'ఈ జాతికి అంతే' అన్న మాట అక్కడినుంచి అరువు తెచ్చుకున్నదే. సల్కాటాకి అది వర్తించదు. 

హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద ఉన్న ఊరు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం లోపుకి పడిపోవడం ఇక్కడ మామూలే. దానికి తోడు ఏసీ. నాలుగ్గంటలు ఏసీ నడిచాక బాల్కనీలో పైపు కింద పెట్టిన బకెట్ చూడండి. అందులోని నీళ్లన్నీ గదిలోని గాలిలోంచి లాగినవే. మనకి చల్లగా హాయిగా ఉన్న ఆ గదిలో తాబేలు పిల్ల డిప్ప అంచులు ఎండుతుంటాయి. పైగా దానికి ఒంట్లో వేడి పుట్టించుకునే శక్తి లేదు. 22 డిగ్రీల దగ్గర ఏసీ పెడితే తిన్నది కూడా సరిగ్గా అరగదు.

వంటింటి డబ్బాలో వానాకాలం

గది మొత్తాన్ని తేమగా చేయక్కర్లేదు. ఫర్నిచర్ పాడవుతుంది, గోడలు బూజు పడతాయి. తాబేలు ఉండేచోటు ఒక్కటీ మారిస్తే చాలు. చాలా ఇళ్లలో పైన తెరిచి ఉన్న ప్లాస్టిక్ టబ్బులోనో, ఏకంగా నేల మీదో వదిలేస్తారు. మార్బుల్ గచ్చు మీద తిరిగితే కాళ్లు జారి కీళ్లు వంకరపోతాయి, మంచాల కింద దుమ్ము తింటుంది. అంతకన్నా పైభాగం చాలావరకు మూసి, గాలి ఆడటానికి కొంత సందు వదిలిన పెద్ద పెట్టె మేలు. దుప్పట్లు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ పెట్టె అయినా సరే, పాత అక్వేరియం అయినా సరే.

అడుగున మూడు నాలుగు అంగుళాల మందాన కోకోపీట్ పరవాలి. మిద్దెతోటలవాళ్ల పుణ్యమా అని ఇప్పుడిది నర్సరీల్లోనూ దొరుకుతోంది. ఎరువు కలిపింది కాకుండా ఉత్తదే తీసుకోవాలి. పిడికిట పట్టి పిండితే ముద్దకట్టాలి కానీ నీళ్లు కారకూడదు. సరిగ్గా రొట్టెపిండికి ముందు దశలా. ఒక మూల బోర్లించిన చిన్న కుండపెంకు పెడితే దాని కిందే ఆ పిల్ల నిద్ర. ఆ మూల ఎప్పుడూ మిగతా పెట్టెకన్నా కాస్త చెమ్మగా ఉండాలి. ఇంకో మూల బల్బు కింద 35 డిగ్రీల వరకూ వెచ్చగా ఉండాలి. మిగతాచోట 27 నుంచి 30. తేమ 80 శాతం దాకా ఉంటే పిల్లలకి మంచిది. ఇవన్నీ చేత్తో తాకి చెప్పలేం. వేడి, తేమ రెండూ చూపించే చిన్న మీటరు కొనుక్కోవాలి. పెద్ద ఖర్చేం కాదు.

ఒక్క జాగ్రత్త. తడి ఉండొచ్చు, చలి ఉండొచ్చు, రెండూ కలిసి మాత్రం ఉండకూడదు. చల్లటి తడిలో తాబేలు పిల్లకి ఊపిరితిత్తుల జబ్బు ఇట్టే వస్తుంది. ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ చాచి ఈల వేసినట్టు శబ్దం... కనిపించిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అందుకే ఏసీ పడకగదిలో ఈ పెట్టె వద్దు. డిసెంబరు, జనవరి రాత్రులు హైదరాబాద్‌లోనూ చలి బాగానే ఉంటుంది కాబట్టి అప్పుడు వెలుతురివ్వని హీటర్ బల్బు కావాలి. పెంచేవాళ్లలో కొందరు తేమ అనగానే చల్లటి పొగమంచు చిమ్మే యంత్రం తెచ్చి పెట్టెలో తిప్పుతారు. డబ్బు పెట్టి జబ్బు తెచ్చుకోవడమది.

ఇక స్నానం. రోజూ పొద్దున ఆఫీసు హడావుడి మొదలవ్వకముందే గోరువెచ్చని నీళ్లు వెడల్పాటి గిన్నెలో పోసి పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచాలి. నీళ్లు గడ్డం దాటకూడదు. తాగుతుంది, విసర్జిస్తుంది. దాంతోపాటు వచ్చే తెల్లటి పదార్థాన్ని చూడటం అలవాటు చేసుకోవాలి. పలచని సున్నంలా మెత్తగా ఉంటే ఒంట్లో నీరు సరిపోతున్నట్టు. ఇసుకలా గరగరలాడితే చాలట్లేదని అర్థం. డిప్ప బుడిపె తేలడానికి నెలలు పడుతుంది, ఇది మాత్రం ఆ రోజే చెప్పేస్తుంది. బడికెళ్లే పిల్లాడికి అప్పగించదగ్గ పని ఇది. చేతులు సబ్బుతో కడుక్కోవడం కూడా అందులో భాగమే, తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా ఉండొచ్చు.

వినాయకుడి గరికే విందు

డిప్ప బుడిపెలకి తిండి పెద్ద కారణం కాదన్నాం కదాని ఏది పడితే అది పెట్టమని కాదు. బుడిపెలు వేరు, మెత్తబడటం వేరు. పిల్ల డిప్పని వేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోతోందంటే అది కాల్షియం లోపం. అదే ప్రాణం మీదికి తెచ్చేది. తొలినెలల పిల్లలకి కాస్త మెత్తదనం సహజమే కానీ నెలలు గడుస్తున్నా గట్టిపడకపోతే ఆలస్యం చేయకూడదు.

సల్కాటా గడ్డి మేసే జీవి. పెరుగన్నం, చపాతీ ముక్క, ఉడికించిన గుడ్డు, పిల్లి గింజలు... మనింట్లో ప్రేమకొద్దీ పెట్టేవేవీ దానికి పనికిరావు. అన్నంలో, పప్పుల్లో కాల్షియం కన్నా భాస్వరం ఎక్కువ. తాబేలుకి కావలసింది దానికి తలకిందులు. భాస్వరానికి కనీసం రెట్టింపు కాల్షియం ఉండాలి. కీరా, టమాటా, లెట్యూస్ ఇష్టంగా తింటుంది కానీ వాటిలో ఉండేది నీళ్లే. పాలకూర, తోటకూర, గోంగూరల్లోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనీయదు. ఎప్పుడో ఒకసారి రెండు ఆకులంటే సరే, రోజూ వద్దు. పండ్లు అసలే వద్దు, పొట్ట పులుస్తుంది.

మరేం పెట్టాలి? గరిక. వినాయకచవితికి కట్టలు కట్టి అమ్మే ఆ గరికే. లేతది కోసి, పిల్ల నోరు పట్టేలా సన్నగా తరిగి పెట్టాలి. మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకు, ముళ్లు కాల్చి తీసేసిన నాగజెముడు ముక్కలు... ఇవన్నీ మంచివే. కూకట్‌పల్లి రైతుబజారులో దొరికే మునగాకు కాల్షియానికి పెట్టింది పేరు. మిగతావాటిలో కొంచెం కలిపితే చాలు. గేటెడ్ కమ్యూనిటీ లాన్ పచ్చగా నవనవలాడుతోందని అక్కడ కోసుకొచ్చి మాత్రం పెట్టొద్దు. ఆ పచ్చదనం వెనక మందుల పిచికారీ ఉంటుంది. బాల్కనీలో నాలుగు కుండీల్లో గరిక, రెండు కుండీల్లో మందారం వేసుకుంటే బెంగ ఉండదు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకి కూడా కొత్త ఆకులు వేసేదాకా ఆగి అవే కోయాలి.

వారానికి రెండు మూడుసార్లు చిటికెడు కాల్షియం పొడి ఆకుల మీద చల్లాలి. లేదా సముద్రపు నురుగు ముక్క ఒకటి పెట్టెలో పడేస్తే అదే కొరుక్కుంటుంది. అయితే ఆ కాల్షియం ఎముకకి చేరాలంటే డి3 విటమిన్ కావాలి. దానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలు కావాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండలో ఆ కిరణాలు దాదాపుగా ఉండవు! చుట్టూ అద్దాలే ఉన్న సైబరాబాద్ ఇళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అద్దం తెరిచిన బాల్కనీలో పొద్దుటి ఎండ, పక్కనే నీడ ఉండేలా, మనిషి కళ్లముందే పెట్టాలి. వేసవిలో తొమ్మిది దాటాక వద్దు. కాలే టైల్స్ మీద బుల్లి పిల్ల నిమిషాల్లో సొమ్మసిల్లుతుంది. కాకులు, గద్దలూ ఉంటాయి. ఎండ కుదరనివారికి యూవీబీ దీపాలున్నాయి. అవి వెలుగుతూనే ఉన్నా లోపలి సత్తువ కొన్ని నెలలకే తగ్గుతుంది. కంపెనీ చెప్పిన గడువుకి మార్చేయాలి.

వారానికోసారి వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టి బరువు రాసుకోండి. నెలకోసారి పైనుంచి, పక్కనుంచి ఫొటో తీయండి. డాక్టరుకి మన మాటలకన్నా అవి ఎక్కువ చెబుతాయి. కుక్కలూ పిల్లులూ చూసే ప్రతి క్లినిక్‌లోనూ తాబేలు వైద్యం తెలిసినవారు ఉండరు. జబ్బు రాకముందే నాలుగుచోట్ల ఫోన్ చేసి కనుక్కుని ఉంచుకోవడం మంచిది.

మన కథలో పిల్లాడి తాబేలుకి లేచిన బుడిపెలు ఇక దిగవు. అరగదీసే ప్రయత్నాలూ, కొబ్బరినూనె మర్దనాలూ పనిచేయవు. పలక అడుగున ఎముక కూడా ఆ ఆకారానికే వచ్చి ఉంటుంది. కానీ పెట్టె మారి, తేమ కుదిరితే కొన్ని నెలలకి పలకల అంచుల్లో కొత్త పొర చదునుగా రావడం కనిపిస్తుంది. పాత గుట్టల మధ్య సన్నటి దారుల్లా.

చెప్పకుండా వదిలేస్తే తప్పయ్యే సంగతి మరొకటుంది. గాలాపగోస్, అల్డాబ్రా తాబేళ్ల తర్వాత ప్రపంచంలో అతిపెద్ద మెట్ట తాబేలు ఈ సల్కాటాయే. నలభై యాభై కిలోలు తేలికగా తూగుతుంది. డెబ్భై ఏళ్లు బతకగలదు. నెహ్రూ జూపార్కులో 2024 మార్చిలో కన్నుమూసిన గాలాపగోస్ తాబేలు వయసు 125 ఏళ్లని జూ అధికారులు చెప్పారు. 1963లో బాగ్-ఏ-ఆమ్ నుంచి దాన్ని జూకి తెచ్చారు. తాతలు చూసినదాన్నే మనవలూ వచ్చి చూశారు. సల్కాటా అంతకాలం ఉండకపోయినా, నాన్న రిటైరయ్యాక కూడా ఉంటుంది. బాబు ఇంజినీరింగ్‌లో చేరేసరికి ఫ్లాటు బాల్కనీ దానికి చాలదు.

కదిరిలో అమ్మమ్మ ఇంటికి పెద్ద పెరడుంది, గరికకీ కరవులేదు. ఆవిడ ఒప్పుకుంటే పంపొచ్చు. కాకపోతే బస్సెక్కించే ముందు పరివేష్‌లో ఆ వివరం కూడా రాయించాలి.